ఆరని లైటు

టీవీకి తగిలించుకునే పాతకాలపు కంప్యూటర్ అది. సొంతంగా టంకం పెట్టి చేసిన కార్డును దాని వెనక గుచ్చాను. కీబోర్డు మీద ‘ఆఫ్’ అని కొడితే చాలు, కార్డుకున్న సాకెట్‌లో కరెంటు పోవాలి, టేబుల్ లైటు ఆరాలి.

“ఇంతోటి దానికి స్విచ్చుందిగా?” అంది అక్క వంటింట్లోంచి.

“స్విచ్చు పామరులకు. ఇది విజ్ఞానం!”

టేబుల్ కింద దూరి, చిక్కుపడ్డ వైర్లలోంచి లైటు ప్లగ్గు పీకి కార్డు సాకెట్‌లో పెట్టాను. లోకమంతా ఊపిరి బిగబట్టి చూస్తోందనుకుని ‘ఆఫ్’ కొట్టాను.

కార్డు టక్కుమంది. లైటు మాత్రం పెళ్లికొడుకు మొహంలా వెలుగుతూనే ఉంది.

గోడవతల మంచం మీదున్న తాతయ్య చేతికర్రతో గోడను టకటకా కొట్టాడు.

“విన్నావా అక్కా? తాతయ్య చప్పట్లు కొడుతున్నాడు!”

“ముందు లైటు ఆర్పి ఏడువు.”

పౌరుషమొచ్చి మళ్లీ ‘ఆఫ్’ కొట్టాను. మళ్లీ కర్ర చప్పుడు, ఈసారి నీరసంగా. అభిమాని అలిసిపోయినట్టున్నాడు.

అక్క గుమ్మంలోకొచ్చింది.

“ఒరేయ్, తాతయ్య ఆక్సిజన్ మిషన్ మోత వినిపించట్లేదేంట్రా?”

నేను పెట్టిన ప్లగ్గు వైరు వెంట చూశాను. అది లైటు దగ్గరికి పోలేదు. గోడకున్న కన్నంలోంచి పక్కగదిలోకి పోయింది.

చప్పట్లు ఆగిపోయాయి.