పాతరకం పెడల్

“కొత్తరకం వద్దండీ. పాతదే కావాలి.”

బ్రేకు పెడల్ పెట్టె మూత తీయబోతున్న షాపాయన చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఇరవయ్యేళ్లుగా పాత మోటారు సైకిళ్ల సామాన్లు అమ్ముతున్నాడు. ఈ మాట అన్న మనిషిని చూడటం ఇదే మొదలు.

“అమ్మా, నువ్వు చెప్పిన బండి సంగతి నీకు తెలిసినట్టు లేదు. కంపెనీవాళ్లు మొత్తం ఏడొందల బళ్లు చేసి, దుకాణం కట్టేసి పోయారు. ఏడొందలకీ ఒకటే రోగం, వెనక బ్రేకు పెడల్. మెడ దగ్గర మరీ సన్నగా పోతపోశారు. కంగారులో గట్టిగా తొక్కామా, పుటుక్కున విరుగుతుంది. అందుకే నేను లేతు మేస్త్రీ చేత ఉక్కుతో చేయించి ఇస్తున్నాను. ఇది ఏనుగు తొక్కినా వంగదు.”

“తెలుసు బాబాయ్,” అందామె. ముప్పయ్యేళ్లుంటాయేమో. చేతిసంచీని గుండెకు అదుముకుని నిలబడింది. “ఆ విరిగేదే కావాలి నాకు.”

గల్లాపెట్టె దగ్గర కూర్చున్న షాపాయన భార్య తలెత్తి చూసింది.

“విరిగేది నీకెందుకమ్మా?” అన్నాడాయన.

“అంటే... కంపెనీ సామానైతేనే బాగుంటుందని.”

“బండి ఎవరు నడుపుతారు?”

“మా తమ్ముడు నడిపేవాడు. ఇప్పుడు నడపట్లేదు. ఒకసారి బ్రేకు తొక్కితే బండి ఆగలేదట.”

“మరింకేం! విరిగిన ముక్క పట్టుకురా. కొత్తది ఊరికే బిగించి ఇస్తాను.”

“ఆ ముక్క మా దగ్గర లేదు.”

“మరి ఎవరి దగ్గరుంది?”

“వేరేవాళ్ల దగ్గర,” అని నేల చూపులు చూసింది.

ఏదో తేడాగా ఉందే అనుకున్నాడు షాపాయన. పాతరకం పెడలంటేనే ఆయనకు ఒళ్లు మంట. ఆరేళ్ల కిందట తెలిసీ తెలియక ఒకటి అమ్మాడు. కొన్నవాడు పరాయివాడా? సొంత బావమరిది! వారం తిరక్కుండానే అది విరిగి, లారీ కింద పడి కాలు పోగొట్టుకున్నాడు. ఇక చూసుకోండి, అన్నంలో ఉప్పు తక్కువైందన్నా భార్య తన తమ్ముడి కాలు గుర్తుచేస్తుంది. ఆ దెబ్బతో ఆయన ఊరూరా తిరిగి పాతరకం పెడళ్లన్నీ కొనేశాడు. ప్రతి శనివారం ఇనపదిమ్మె మీద పెట్టి సుత్తితో తుక్కుతుక్కు చేస్తాడు. మేస్త్రీకి మళ్లీ ఎప్పుడైనా కొలతలకు కావాల్సొస్తుందేమోనని విప్పకుండా అట్టే పెట్టిన ఒక్కటే ఇప్పుడు అటక మీద మిగిలింది.

భార్య కళ్లతో సైగచేసి వెనక గదిలోకి పిలిచింది.

“ఏమండీ, ఆ పిల్ల వాలకం చూశారా? ఒక్క మాటా సూటిగా చెప్పట్లేదు. మొగుడి మీద కోపమో, ఆస్తి తగాదాయో! ఎవడి బండికో బిగించి పైకి పంపేద్దామని చూస్తోంది.”

“నాకూ అదే అనుమానంగా ఉంది.”

“మా తమ్ముడి కాలు చాలలేదా? ఇంకో మనిషి ఉసురు కూడా పోసుకుంటారా?”

“అబ్బ, ఇవ్వనని చెప్తే వినవేం!”

ఆయన తిరిగి వచ్చేసరికి ఆమె అక్కడే ఉంది, అడుగు కదలకుండా.

“ఒక్క మాట బాబాయ్. ఎక్కువసేపు అవసరం లేదు, మామూలు మనిషి ఒక్కసారి గట్టిగా తొక్కితే... కచ్చితంగా విరుగుతుందా?”

ఎంత ధైర్యం! మొహం మీదే అడుగుతోంది.

“విరుగుతుంది. అయితే?”

“నాలుగు ఊళ్లు తిరిగాను. ఎవరినడిగినా మీరే కొనేశారంటున్నారు. సీలు విప్పనిది ఒక్కటుంటే చాలు. ఎంతైనా ఇస్తాను. కాకపోతే మీ దగ్గరే కొన్నట్టు కాగితం మీద రాసి సంతకం పెట్టాలి.”

“సంతకం కూడానా!” అంది భార్య బుగ్గలు నొక్కుకుంటూ. “బాగుందమ్మా నీ తెలివి! చేసేది నువ్వూ, ఇరుక్కునేది మేమూనా?”

“అలా కాదు పిన్నీ...”

“ఎలాగో నువ్వే చెప్పు,” అన్నాడాయన. “నిజం చెబితే ఆలోచిస్తాను.”

ఆమె తల అడ్డంగా ఊపింది. “నిజం చెబితే ప్రతి షాపువాడూ మాకొద్దీ గొడవ అని పంపేశాడు. అడక్కండి బాబాయ్. రేపటికల్లా అది నా చేతిలో ఉండాలి. మీ కాళ్లు పట్టుకుంటాను.”

ఇంకేం వినాలి? అన్ని షాపులవాళ్లూ తరిమేశారంటే ఇది చిన్నాచితకా వ్యవహారం కాదు. ఈరోజు ఉత్తచేతులతో పంపినా రేపు దొంగతనంగానైనా పట్టుకుపోతుంది. ఆయన నిచ్చెన వేసుకుని అటకెక్కాడు. దుమ్ము కొట్టుకుపోయిన అట్టపెట్టె తెచ్చాడు. కంపెనీ సీలు అలాగే ఉంది.

ఆమె మొహం వెలిగిపోయింది. “ఇదేనా బాబాయ్?”

“ఇదే. ఇక ఎక్కడా లేదు.”

ఆమె రెండు చేతులూ చాచింది. ఆయన ఆ చేతులు దాటుకుని నేరుగా ఇనపదిమ్మె దగ్గరికి నడిచాడు. పెట్టె చింపి, పెడల్ దిమ్మె మీద పెట్టాడు.

“బాబాయ్, ఆగండి! ఆగండి!”

సుత్తి మూడుసార్లు పడింది.

“ఇక నీ చేత ఎవరి ప్రాణమూ పోదు. వెళ్లు,” అన్నాడు చెమట తుడుచుకుంటూ.

“అమ్మయ్య,” అంది భార్య. ఆరేళ్లలో మొదటిసారి మొగుడి వంక మెచ్చుకోలుగా చూసింది.

ఆమె మాత్రం నేల మీద కూలబడి ఒక్కో ముక్కా ఏరి సంచీలో వేసుకోసాగింది. కన్నీళ్లు టపటపా ముక్కల మీద పడుతున్నాయి. అది చూసి ఆయన మనసు కాస్త మెత్తబడింది.

“ఇప్పుడైనా చెప్పమ్మా. ఎవరి బండికి బిగిద్దామనుకున్నావు?”

“ఎవరి బండికీ కాదు,” అందామె తలెత్తకుండానే.

“మరి?”

“మనిషిని గుద్దింది బ్రేకు విరగబట్టే అంటే ఎవరూ నమ్మట్లేదు. మా తమ్ముడు జైల్లోంచి బయటికి రావాలంటే, రేపు ఇది జడ్జిగారి ముందు విరగాల్సింది బాబాయ్.”