కొత్తదిచ్చి పాతదడిగినవాడు

మోపెడ్ దిగిన మనిషి అడిగింది విని తిరుపతమ్మకు ముందు నవ్వొచ్చింది. తర్వాత అనుమానమొచ్చింది.

మిద్దె మీద పరిచిన పాత గుడ్డ ఇస్తే కొత్త టార్పాలిన్ ఇస్తాడట. పైన రూపాయి కూడా అడగడట.

"ఊరికేనా?"

"ఊరికేనక్కా. ఆ గుడ్డ మాత్రం నాకియ్యి."

అనుమానం రాదా మరి? అందులోనూ ఆ ఊళ్ళో! పత్తికొండ పక్కన ఆ ఎర్రనేలల్లో తొలకరి పడితే చాలు, జనం పనులన్నీ మానుకుని చేలల్లో వంగి వజ్రాలు వెతుకుతారు. దొరికి బాగుపడినవాడు ఎవడో ఒకడు. దొరికి కూడా మోసపోయినవాళ్ళు ఇంటికొకరు. గాజురాయేలే అని పెదవి విరిచి, జాలిపడినట్టు నటించి ఎత్తుకుపోయే షావుకార్లను తరతరాలుగా చూసిన ఊరది.

ఆ గుడ్డ పోయినేడు తిరుపతమ్మ కొడుకు సుంకన్న సంతలో కొన్నది. రెయిన్ కోట్లు, కొండలెక్కేవాళ్ళ గుడారాలు కుట్టే కంపెనీలో మిగిలిపోయిన సరుకట. నీటిచుక్క పడితే అంటుకోకుండా జారిపోతుంది. వానే లేని సీమలో రెయిన్ కోటు ఎవడికి కావాలి? తిరుపతమ్మ దాన్ని మిద్దె మీద వాలుగా పరిచి, కింద వాకిట్లో బాన పెట్టి, కురిసిన నాలుగు చినుకులూ అందులోకి పట్టింది.

అదంతా కోడలు తనూజ కోసం. ఆమెకు ఇంతకుముందు కడుపు నిలవలేదు. ఇప్పుడు మళ్ళీ ఐదో నెల. బోరు నీళ్ళకు ఊరి పిల్లల పళ్ళన్నీ గారపట్టి ఉన్నాయి. ఆ నీళ్ళు ఈసారి కోడలి గొంతులోకి ఒక్క గుక్క కూడా పోకూడదని తిరుపతమ్మ పంతం. బానలో నీళ్ళు కన్నకొడుకు ముట్టుకున్నా ఊరుకునేది కాదు.

మోపెడ్ మనిషి ఆ బాననూ, పక్కనున్న తనూజనూ చూశాడు. "అక్కా, ఆ గుడ్డకు ఏందో మందు పూసినారు. వాన నీళ్ళల్లోకి అది దిగుతాది. ఒంట్లోకి పోతే ఏండ్లు గడిచినా బయటికి రాదంట. కడుపుతో ఉండే మనిషికి ఆ నీళ్ళు వద్దు."

తిరుపతమ్మ కొంగు బిగించింది.

"గాజురాయి అని చెప్పకుండా వజ్రం కొన్న షావుకారిని నేనింతవరకు చూడలేదప్పా. నీ దోవన నువ్వు పో."

అతను పోయాడు గానీ, ఊళ్ళో ఆ గుడ్డకు గిరాకీ పుట్టింది. వెండి పూత ఉందని ఒకరు, కాదు అంతకంటే ఖరీదైనదేదో ఉందని ఇంకొకరు. సంతలో తామూ కొని ఉన్నవాళ్ళు ట్రంకు పెట్టెల్లో దాచారు. లేనివాళ్ళు అమ్ముతారా అని అడిగారు. తిరుపతమ్మ మాత్రం మిద్దె మీది నుంచి తియ్యలేదు. కోడలికి నీళ్ళు కావాలి.

వారం తిరక్కుండానే అతను మళ్ళీ వచ్చాడు. ఈసారి టార్పాలిన్లతో పాటు ఒక కొత్త డ్రమ్ము కూడా తెచ్చాడు. ధర పెంచుతున్నాడని సుంకన్న నవ్వాడు. డ్రమ్ము ఇచ్చేవాడు రేపు ఎద్దుల జత ఇస్తాడని పక్కింటి పుల్లయ్య ఎగదోశాడు.

అప్పుడే తనూజ బానలో చెంబు ముంచింది.

అతను ఒక్క ఉరుకున పోయి బానను తన్నేశాడు. బాన పగిలింది. నీళ్ళన్నీ వాకిట్లో మట్టి తాగేసింది.

సీమలో నీళ్ళు పారబోయడమా? అదీ కడుపుతో ఉన్న మనిషి తాగే నీళ్ళు! సుంకన్న కొట్టాడు. పుల్లయ్య కొట్టాడు. దోవన పోయేవాళ్ళు కూడా ఆగి ఓ చెయ్యి వేసి పోయారు. అతను చెయ్యెత్తలేదు. మూతి రక్తం తుడుచుకుంటూ తనూజ చేతిలోని చెంబునే చూశాడు. అది కూడా పారబోయమని బతిమాలాడు.

తనూజ అత్త ముఖం చూసింది. తిరుపతమ్మ తాగమంది.

బాన పగలగొట్టినందుకు జుల్మానా అని డ్రమ్మూ టార్పాలిన్లూ ఊరివాళ్ళే పంచుకున్నారు. సిగ్గులేని పని. ఆ రోజు అది న్యాయమనే అనిపించింది.

నెలలు నిండకముందే తనూజకు బీపీ పెరిగింది, కాళ్ళు వాచాయి. కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. గుప్పెడంత బిడ్డ పుట్టింది. మరునాటికి లేదు.

ఏం నీళ్ళు తాగించారని డాక్టరమ్మ అడిగింది. బోరు నీళ్ళు ముట్టనీలేదు, వాన నీళ్ళే పట్టి పోశామని తిరుపతమ్మ గొప్పగానే చెప్పింది. దేనితో పట్టారని అడిగి, డాక్టరమ్మ ఆ గుడ్డ సంగతంతా చెప్పించుకుంది.

బిడ్డ పోయింది దీనివల్లేనని ఖాయంగా చెప్పలేమంది. కానీ ఆ గుడ్డ మీది నీళ్ళు ఇంకెవరూ తాగొద్దంది. ఆ పూత మట్టిలోనూ చావదు, నీళ్ళలోనూ చావదు, ఒంట్లో చేరితే ఏళ్ళ తరబడి ఉండిపోతుందట. ఇంతకుముందు కూడా ఒకాయన ఇలాంటి గుడ్డే తెచ్చి చూపించాడని, టార్పాలిన్ల అంగడి దస్తగిరి అని చెప్పింది.

తిరుపతమ్మ వెతుక్కుంటూ పోయింది. కాళ్ళు పట్టుకుందామనే పోయింది.

అంగడి మూసి ఉంది. ఇంట్లో ఆయన భార్య జైనాబ్ బీ ఒక్కతే ఉంది. బేతంచెర్ల దోవలో బండల లారీ గుద్ది ఆయన పోయి నెల దాటిందట. మోపెడ్ మీద అప్పుడు కూడా టార్పాలిన్లే ఉన్నాయట.

మేమే కొట్టినామని చెప్పడానికి తిరుపతమ్మకు నోరు రాలేదు.

"ఆయప్పకేం పట్టిందమ్మా, మా ఊర్ల కోసరం అట్లా తిరిగినాడు?" అంది చివరికి.

జైనాబ్ బీ ఏడవలేదు. నెమ్మదిగా చెప్పింది.

"మీ సంతలకు ఆ సరుకు పోయింది మా అంగట్లో నుంచేనక్కా. మొదటి గుడ్డ మా మిద్దె మీదే పరిచినాడు, కాన్పుకొచ్చిన మా కూతురు షాహీనా కోసరం. దానికి పుట్టిన బిడ్డను మట్టిలో పెట్టొచ్చిన రోజే అంగడి మూసేసి మీ ఊర్లకు బయలెల్లినాడు."