చెనిక్కాయల చేన్లో పాలపిట్ట

ఆ పొద్దున ఆకాశం బూడిద పూసుకున్నట్టుంది. మబ్బులే గానీ చినుకు లేదు. ఎండ మొహాన పడక ఆదెప్పకు మెలకువ రాలేదు. చేని గట్టు మీది నుంచి గంగక్క గొంతు వినపడ్డాకే లేచాడు.

"ఏమప్పా ఆదెప్పా, ఇంగా నిద్రేనా?"

కొట్టంలోంచి ఒక్క ఉరుకున బయటికొచ్చి చేని నడుమ పాతిన కర్ర వైపు చూశాడు. అడ్డంగా కట్టిన పుల్ల మీద పిట్ట లేదు. రెట్ట ఉంది, ఇంకా తడిగా.

పక్క చేను గంగక్కది. ఆమెకు మొగుడు లేడు, ఇతనికి పెళ్లాం లేదు. యాడికి ఊరు దాటినాక వచ్చే ఆ మిట్టమీద పొద్దంతా ఒకరికి ఒకరే పలకరింపు. విత్తనాలప్పుడు ఆమె తమ్ముడు కొండప్ప సోమందేపల్లె నుంచి వచ్చి, చేను కౌలుకిచ్చి తనింటికి వచ్చేయమన్నాడు.

"పాలపిట్ట కనపడందే ఊరు దాటను. మా అమ్మ నాటి ఆచారం" అంది గంగక్క. "కనపడిన పొద్దే బస్సెక్కుతా. నువ్వు పిట్టల్ని ఎరిగినోడివి గదా, ఒకదాన్ని పిలువప్పా."

కాదనలేక కర్ర పాతాడు. పురుగులు పైకి తేలాలని దాని మొదట్లో మన్ను తిరగేశాడు. మర్నాడే పిట్ట వచ్చి వాలింది. కూర్చున్నంతసేపూ మట్టిరంగులో ముడుచుకుని, ఎగిరేటప్పుడు రెక్కల్లోని నీలమంతా ఒక్కసారిగా విప్పింది. గంగక్క లేని చేను ఎట్లుంటుందో ఆదెప్పకు ఆ క్షణాన కనిపించింది.

అప్పటి నుంచి ఆమె రాకముందే లేచి, ఎర్రమట్టి గడ్డ విసిరి పిట్టను తోలేస్తాడు. రెట్ట తుడిచేస్తాడు. కొట్టం ముందున్న నల్లబండ మీద చేతులు కడుక్కుని, ఆ ఎర్రనీళ్లు ఆరిపోయేదాకా అటూ ఇటూ తిరుగుతాడు.

ఒకసారి దొరికిపోయేవాడే. ఆమె కళ్లముందే నీలంగా ఏదో ఎగిరింది.

"అదేందప్పా?"

"లకుముకి పిట్ట. ముక్కు చూడలేదా, ఎంత పొడుగుండాదో!"

"చుక్క నీళ్లు లేని చేన్లో లకుముకికి ఏం పనప్పా?" అని నవ్వి, ఆమె అంతటితో వదిలేసింది.

ఈ పొద్దు తప్పించుకునే దారి లేదు.

"వచ్చి ఎంతసేపాయ, గంగక్కా?"

"చానాసేపాయ. పని ముట్టలేదు. నువ్వు లేస్తావులే అని గట్టు మీద ఉత్తినే కూర్చోనుండా."

"మరి... పిట్ట?"

"యాడి పిట్ట? రాలేదు. నీ కర్రలోనే ఏదో దోషముండాది." ఆమె కర్ర వైపు చూడనేలేదు. "ఇప్పుడే రానని కొండప్పకు ఫోన్ చేసి చెప్పినా. నువ్వేంది, అట్ల గుడ్లప్పగించి చూస్తాండావు? రా, తెచ్చిన సంగటి సల్లారిపోతాది."

పాపం, ఈమెకు చూపు గానీ ఆనడం లేదా అనుకున్నాడు ఆదెప్ప. కొట్టంలోంచి నంజుకోను ఊరిబిండి పచ్చడి తెచ్చాడు. బండ దగ్గర చెంబుతో నీళ్లు పోస్తే గంగక్క చేతులు రుద్ది రుద్ది కడుక్కుంది.

ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తిన్నారు. మొదటి ముద్ద మింగినప్పటి నుంచీ ఆదెప్ప బండ వైపే చూస్తున్నాడు.

ఆమె చేతులు కడిగిన నీళ్లు ఎర్రగా ఉన్నాయి.