ఇంక్లైన్ దగ్గర ఆషాఢం

కొండకు నిలువునా రెండు జతల పట్టాలు. వాటి మీద రెండు ఎర్ర పెట్టెలు. ఒకటి పైకి పాకుతుంటే రెండోది కిందికి జారుతోంది.

మెడ వెనక్కి వంచి చూసిన దేదీప్య చప్పట్లు కొట్టినంత పని చేసింది.

పిట్స్‌బర్గ్‌లో రెండేళ్లు చదివింది కానీ కొండెక్కే ఆ రైలు, ఇంక్లైన్, ఎప్పుడూ ఎక్కలేదు.

ల్యాబ్‌లో పక్క సీటు లిన్ ఫోన్‌లో తన ఊరి ఫొటోలు చూపించేది. చైనాలో చోంగ్‌చింగ్. నది ఒడ్డున కొండకు అతికించినట్టు అంతస్తుల మీద అంతస్తులు, రాత్రయితే అన్నిటా దీపాలు.

"మా ఊరివి ఇంత ఇష్టంగా చూస్తావు. నీ ఊళ్లో ఉన్న కొండ ఎక్కవేం?"

"ఒక్కదాన్నే చూడను. దాచుకుంటున్నా," అనేది దేదీప్య.

ఎవరితో చూడాలో అప్పటికి తెలియదు. ఇప్పుడు తెలుసు. మే నెలలో పెళ్లయింది.

పెళ్లవగానే నిశాంత్ ఉద్యోగానికని ఆరు గంటల దూరంలోని ఎడిసన్ వెళ్లాడు, ఆమె ఇంటర్న్‌షిప్‌కని మళ్లీ ఇక్కడికే వచ్చింది. నాలుగు కబుర్లు చెప్పుకునేలోగా ఆషాఢం వచ్చేసింది. ఆషాఢంతో పాటు విజిటర్ వీసా మీద అత్తగారు వసుమతి కూడా కొడుకు దగ్గరికి వచ్చారు.

ఆషాఢంలో కొత్త కోడలూ అత్తగారూ ఒకే గడప దాటకూడదు. కొత్త దంపతులు ఒకే కప్పు కింద ఉండకూడదు. వసుమతిగారి దగ్గర దీనికి అప్పీలు లేదు.

అందుకే గుడికని ఎడిసన్ నుంచి వచ్చిన తల్లీకొడుకులు మోటెల్‌లో దిగారు. పొద్దున వెంకన్న గుళ్లో కూడా అత్తగారు బయటికొచ్చి చెప్పులు వేసుకున్నాకే కోడలు లోపలికి వెళ్లింది.

ఇక మిగిలింది ఈ సాయంత్రమే. తెల్లారితే వాళ్ల ప్రయాణం.

"ముగ్గురం ఎక్కేద్దాం," అన్నాడు నిశాంత్, కార్ లాక్ చేస్తూ.

"దానికి తలుపుందా?" అన్నారు వసుమతి.

"అది ఇల్లు కాదమ్మా. ట్రైన్ లాంటిది."

"తలుపుందా, లేదా?"

"ఉంది."

"అయితే గడపా ఉన్నట్టే."

"అమెరికాలో గడపలెక్కడివమ్మా? అంతా కార్పెట్టే."

"ఆ కార్పెట్ కింద ఏముందో నువ్వు చూశావురా?"

దేదీప్యకు నవ్వాగలేదు. చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది.

"మీరిద్దరూ ముందు చూసి రండి అత్తయ్యా. నేను తర్వాత వెళ్తాను."

"ఎవరితో?"

"మీరు ఎవరితో వెళ్లమంటే వాళ్లతోనే."

వసుమతి కోడల్ని ఎగాదిగా చూశారు.

"మాటలు బానే వచ్చు," అని, కొడుకు చెయ్యి పట్టుకుని స్టేషన్ మెట్లెక్కారు.

దేదీప్య బెంగపడలేదు. తనకు రావలసింది తన దగ్గరికే వస్తుందని ఆమెకు చిన్నప్పటి నుంచీ నమ్మకం. ఆలస్యమైన బస్సయినా, వీసా అయినా, మంచి మొగుడయినా. ఇప్పటిదాకా అన్నీ వచ్చాయి.

రోడ్డుకు అవతల, నది మీది వంతెనకు దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. ఆమె నదికి వీపు పెట్టి కూర్చుంది. పైనుంచి చూడాల్సింది కిందనుంచి చూసి పాడుచేసుకోవడం ఇష్టం లేదు.

గుళ్లో కొన్న పులిహోర పొట్లం విప్పి, ముందు వేరుశెనగ పలుకులన్నీ ఏరుకు తింది. ఎంత బాగున్నాయో!

ఫోన్ మోగింది. నిశాంత్ మెసేజ్.

"కింద ఆగి ఉన్న పెట్టె ఎక్కెయ్. అమ్మ ఆర్డర్."

ఆమె రెండుసార్లు చదివింది.

పైనుంచి ఒక పెట్టె బయల్దేరితేనే కిందిది కదులుతుంది. అంటే వాళ్లిద్దరూ దిగొస్తున్నారు. తను ఒక్కతీ ఎక్కాలి. ఇన్నాళ్లు దాచుకున్నది ఒక్కతీ చూడాలి.

పులిహోర పొట్లం మడిచేసింది.

పోనీలే అనుకోబోయింది, కుదరలేదు. అయినా ఎక్కింది.

ఇంక్లైన్ చిన్న కుదుపుతో కదిలింది. దేదీప్య కొండ వైపు కిటికీ దగ్గర నిలబడింది. పైనుంచి రెండో పెట్టె దిగుతోంది. లోపల పచ్చటి బల్బు, చెక్క బెంచీ.

బెంచీ మీద వసుమతి. ఒక్కరే.

ఎడిసన్‌లో మెయిల్‌బాక్స్ దాకా కూడా కొడుకు తోడు లేనిదే కదలని మనిషి. థ్యాంక్యూ తప్ప ఇంగ్లీషు ముక్క రాని మనిషి. హ్యాండ్‌బ్యాగు ఒళ్లో పెట్టుకుని, దాన్ని రెండు చేతులా గట్టిగా పట్టుకుని, నిటారుగా కూర్చున్నారు.

దేదీప్య గబుక్కున చెయ్యి ఎత్తింది.

సగం దారిలో రెండు కిటికీలూ ఎదురెదురుగా వచ్చాయి.

వసుమతి తల అటు తిప్పేసుకున్నారు.

అటు చూడటానికి ఏమీ లేదు. కొండ రాయి, నాలుగు గడ్డి పరకలు. వాటినే శ్రద్ధగా చూస్తూ దిగిపోయారు.

పైన తలుపు తెరుచుకుంది. ఎదురుగా నిశాంత్. ఆమె అతని చెయ్యి పట్టుకుని, గట్టిగా కళ్లు మూసుకుని రెయిలింగ్ దాకా నడిచింది. అప్పుడు తెరిచింది.

రెండు నదులు వచ్చి ఒకటయ్యే చోట ఊరు మొత్తం నీళ్లలోకి దిగి వెలుగుతోంది.

"అబ్బ!" అని ఒక్క గెంతు గెంతింది.

"అమ్మ కార్ తాళాలు లాక్కుని మరీ వెళ్లిపోయింది. కార్‌లో కూర్చుంటుందట. తొందరేం లేదు, నింపాదిగా రమ్మంది," అన్నాడు నిశాంత్. "దారిలో కనిపించిందా?"

దేదీప్య దీపాల మీంచి చూపు తిప్పలేదు.

"లేదే," అంది.