గోరంత ముక్క

నాలుక్కి ఉప్పుగా, కారంగా తగిలాక గానీ ఫిలొమీనాకి తనేం నములుతోందో తెలియలేదు. తెలిసేసరికి అది గొంతు దిగిపోయింది.

సలామీ ముక్క. ఉప్పూ కారం పట్టించిన పందిమాంసం బిళ్ల అంచు, గోరంత ఉంటుంది. స్ట్రాంబోలి చుట్టురొట్టె కోసం పరిచిన పిండి మీద సలామీ బిళ్లలు పేరుస్తూ, అంచు దాటిన ముక్కని తుంచి నోట్లో వేసుకోవడం ముప్ఫై ఏళ్ల అలవాటు. మనసు మొక్కుకుంది గానీ చేతికేం తెలుసు?

బిడ్డ క్షేమంగా బయట పడేదాకా మాంసం ముట్టనని పునీత జెరార్డుకి మొక్కుకుంది. కూతురు లొరేన్‌కి ఇది మూడో కాన్పు. మొదటి రెండూ నిలవలేదు. కడుపుతో ఉన్న ఆడవాళ్లని కాచే పునీతుడికి కాక ఇంకెవరికి మొక్కుతుంది? పైకి చెప్పిన మొక్కు చెల్లదు కాబట్టి నాలుగు నెలలుగా మొగుడితో సహా అందరికీ ఒకటే మాట, మాంసం సహించడం లేదని.

కుళాయి కింద నోరు పెట్టి మూడుసార్లు పుక్కిలించింది. మింగిందానికి పుక్కిలిస్తే ఏం లాభం?

"చుట్టడం అయిందా? ఒంటిగంటకి టీవీలో ఆట మొదలు. మా తమ్ముళ్లు ఉత్తచేతుల్తో, ఖాళీ కడుపుల్తో వస్తారు," ముందుగదిలోంచి కేకేశాడు మొగుడు నంజియో.

"అవుతోంది."

"పోయిన ఆదివారంలా సలామీ దగ్గర పిసినారితనం చెయ్యకు. మా వదిన స్ట్రాంబోలి తింటే ఉపవాసం చేసినంత పుణ్యం అని మా చిన్నతమ్ముడు వీధంతా చెప్పాడు."

ఫిలొమీనా నవ్వలేకపోయింది. చీజ్ పరిచింది, కాల్చిన ఎర్ర క్యాప్సికం చీలికలు వేసింది, చాప చుట్టినట్టు పిండిని చుట్టేసి, కొసలు లోపలికి మడిచి, మీద గుడ్డు సొన పూసి ఓవెన్‌లో పెట్టింది. ఇరవై నిమిషాలయ్యాక అద్దంలోంచి తొంగి చూసింది. రొట్టె పక్క చీలిపోయి, లోపలిదంతా పళ్లెంలోకి కారుతోంది. ఆవిరి పోవడానికి పైన కత్తితో గాట్లు పెట్టడం మర్చిపోయింది. ముప్ఫై ఏళ్లలో ఎప్పుడైనా మర్చిపోయిందా? ఇవాళే ఎందుకు మర్చిపోవాలి?

"స్వామీ, గోరంతే కదా," అని శిలువ గుర్తు వేసుకుంటూ ఉండగానే ఫోన్ మోగింది. అల్లుడు విన్స్.

"అత్తయ్యా, కంగారు పడకండి."

ఆ మాటకే ఆమె ఓవెన్ ఆపేసింది.

"లొరేన్‌కి ఉమ్మనీరు పోయింది. ఆసుపత్రికి బయల్దేరుతున్నాం."

"ఇంకా ఐదు వారాలుంది కదా బాబూ."

"ఆ సంగతి లోపలున్నవాళ్లకి తెలియాలి కదా అత్తయ్యా."

కారులో వెళ్తున్నంతసేపూ ఆమె ఒకటే జపం. "అంతా నావల్లే. అంతా నావల్లే."

"నువ్వేం చేశావే? పొద్దుట్నుంచీ పిండి పిసుకుతున్నావు," అన్నాడు నంజియో. "దానికే నొప్పులొచ్చేస్తే సౌత్ ఫిలడెల్ఫియాలో ఒక్క ఆడదీ నెలలు నిండి కనదు."

"మీకు తెలియదులెండి."

"ముప్ఫై ఏళ్లుగా నువ్వు చెప్పేది అదేగా."

ఆసుపత్రి బెంచీ మీద చేతులు చూసుకుంటూ కూర్చుంది. గోళ్ల సందుల్లో ఇంకా పిండి ఉంది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఎవరో తలవంచుకుని తనవైపే వస్తున్నట్టు అనిపించేది. చెయ్యెడు తెల్ల శవపెట్టె కళ్ల ముందు కదిలేది. ఆ సలామీ ముక్క కడుపులో గులకరాయిలా కూర్చుంది. నోరు కట్టుకోలేని ముండని నేనున్నాగా, నన్ను తీసుకుపో, పిల్ల జోలికి పోకు అని మనసులోనే వెయ్యిసార్లు వేడుకుంది.

నాలుగున్నరకి విన్స్ బయటికొచ్చాడు. వాడి కళ్లలో నీళ్లు చూసి ఫిలొమీనా గోడ పట్టుకుంది.

"ఆడపిల్ల అత్తయ్యా. ఐదు పౌన్లు. ఇద్దరూ బాగున్నారు. ఏడుపు మాత్రం అచ్చం మామయ్య ఆట చూస్తున్నట్టే ఉంది."

నంజియో అల్లుడితో కలిసి పసిపిల్లల గది అద్దం దగ్గరికి పరుగెత్తాడు. ఫిలొమీనా మాత్రం లేవలేదు. ఏ మొహం పెట్టుకుని చూస్తుంది? కూర్చున్నచోటే వెక్కి వెక్కి ఏడ్చింది.

అప్పుడే ఆడపడుచు కాంచెట్టా ఫ్లాస్కు చంకన పెట్టుకుని వచ్చింది. "శుభమా అని మనవరాలు పుడితే ఈ ఏడుపేంటి వదినా? పొద్దుట్నుంచీ ఏం తినలేదట. ఇదిగో, నా చిక్కుడుగింజల సూపు. ప్రతి బుధవారం నీకు తెచ్చిచ్చేదే. తాగు ముందు."

వెల్లుల్లి ఘాటుకి ప్రాణం లేచొచ్చింది. రెండు కప్పులు తాగేసరికి ఫిలొమీనాకి ఇక దాచుకోవడం చేతకాలేదు. బిడ్డ బయటపడింది, ఇప్పుడు చెప్పినా తప్పులేదు. మొక్కు సంగతి, ముక్క సంగతి అంతా కక్కేసింది.

"నాలుగు నెలలు నోరు కట్టుకుని, చివరి రోజున మాట తప్పాను కాంచెట్టా. ఆయన దయతలిచి బిడ్డనిచ్చాడు. కానీ ఆ పాపం రేపు పసిదానికి తగిలితే? అందుకే ఇక చచ్చేదాకా మాంసం మానేస్తాను. ఇలా నీ సూపు తాగి బతికేస్తాను."

కాంచెట్టా వదిన చేతిలోంచి కప్పు తీసుకుంది. ఫ్లాస్కు మూత బిగించింది. బిగించిన మూతనే మళ్లీ బిగించింది.

"సహించడం లేదంటే, పళ్లనొప్పితో మాంసం నమల్లేక మానేశావనుకున్నా వదినా," అంది చివరికి, గొంతు తగ్గించి. "పుల్లలా అయిపోతున్నావని, ప్రతి బుధవారం రెండు పౌన్ల గొడ్డుమాంసం కరిగిపోయేదాకా ఉడికించి, వడకట్టి, ఆ రసంలోనే నీకు సూపు కాచాను."