బీరువా మోసేదెవరు?

"నేను చచ్చినా వెళ్లను," అన్నాడు తమ్ముడు.

"నేను బతికుండగా వెళ్లను," అంది అక్క.

వెళ్లాల్సింది యుద్ధానికేం కాదు, బాబాయి ఇంటికి. ఆయన ఇవాళ ఇల్లు మారుతున్నాడు. పాత ఇల్లు మూడో అంతస్తు. లిఫ్టు లేదు, ఇనుప బీరువా మాత్రం ఉంది. "మూడు రోజులు సెలవులేగా, ఇద్దర్లో ఒకరొచ్చి చెయ్యెయ్యండర్రా. ఈ మూడు రోజులూ ఇక్కడే ఉండి సర్దిపెట్టాలి మరి," అని అప్పుడే ఫోను చేసి పెట్టేశాడు.

ఆ మూడు రోజుల కోసమే వీళ్లిద్దరూ రెండేళ్లుగా కాచుక్కూచున్నారు. 'తుఫాను గోదా' వీడియో గేము రెండో భాగం నిన్న సాయంత్రమే విడుదలైంది. అక్క నర్సు. ఈ సెలవుల కోసం తోటి నర్సులందరి డ్యూటీలూ మీదేసుకుని నెలంతా చేసింది. తమ్ముడు కరెంటు లైన్‌మన్. స్తంభం విరిగి ఆఫీసు మీద పడ్డా నన్ను పిలవొద్దని చెప్పి మరీ వచ్చాడు.

ఫోన్లో గేములాడేవాళ్ల గ్రూపు మోగిపోతోంది. టైలరుగారు రాత్రికి రాత్రే మూడు గోదాలు దాటేశార్ట. మందుల షాపాయన పాత కారు రేసే ఆడుకుంటూ, వచ్చే నెల రాబోయే కొత్త రేసు గురించి కలవరిస్తున్నాడు. "నర్సమ్మా, లైన్‌మనూ ఇంకా మొదలెట్టలేదా? ఉన్నారా, పోయారా?" అని ఎవరిదో ఎకసెక్కం.

"చూశావా, పరువు పోతోంది," అన్నాడు తమ్ముడు. "నువ్వెళ్లవే అక్కా. పేషెంట్లని ఎత్తే చేతులు. బీరువా నీకో లెక్కా?"

"నువ్వు స్తంభాలెక్కే కాళ్లేసుకుని, మూడంతస్తులకి నన్ను పంపుతావా? సిగ్గులేదూ?"

వంటింట్లోంచి అమ్మ అందుకుంది. "వాడికి సిగ్గెక్కడిది? ఊరందరికీ కరెంటిస్తాడు, ఇంట్లో టార్చి వెలగట్లేదని నాలుగు రోజులు మొత్తుకున్నా చెవికెక్కలేదు."

"చూస్తానన్నాను కదమ్మా!"

"నువ్వు చూసేదాకా ఎవరాగుతారు!"

అక్క చేతులు నడుం మీద పెట్టుకుంది. "సరేరా, ఇదే గేములో ఒక్క కుస్తీ. ఓడినవాళ్లు బీరువా మొయ్యాలి. గెలిచినవాళ్లకి మూడు రోజులూ టీవీ."

"ఒట్టు?"

"అమ్మ మీద ఒట్టు."

"మధ్యలో నేనెందుకే! మీ నాన్న మీద వేసుకోండి!"

తమ్ముడు డిస్కు పెట్టి, గేము పెట్టె మీద స్విచ్చి నొక్కాడు. సోఫా మీద పడున్న రెండు రిమోట్లూ చెరొకటి లాక్కున్నారు. తెర మీద ఉరుములు, మెరుపులు, పెద్దక్షరాల్లో ఆట పేరు. మొదలుపెట్టడానికి మీట నొక్కమని, లేదంటే నమూనా కుస్తీ చూడమని అడుగున చిన్నక్షరాలు మెరుస్తున్నాయి. అటు చూసే తీరికెవరికి?

"ఎర్ర పహిల్వాను నాది," అంది అక్క.

"ఎప్పుడూ నీదేనా? చిన్నప్పట్నించీ ఎర్రవన్నీ నీకు, మిగిలినవన్నీ నాకు!"

"పెద్దదాన్ని కాబట్టి."

"అయితే పెద్దరికంగా బీరువా మొయ్యి!"

అలా ఓ నిమిషం కొట్టుకుని తల తిప్పేసరికి, గోదాలో ఎర్ర పహిల్వాను నీలం పహిల్వానుని జుట్టు పట్టుకుని ఈడుస్తున్నాడు.

"దొంగమొహమా, చెప్పకుండా నొక్కేశావా!" అరిచాడు తమ్ముడు.

"నువ్వే నొక్కేసి నన్నంటావేంట్రా! కాచుకో!"

ఇక ఆగింది లేదు. టకటకమని మీటలు. అక్క సోఫా ఎక్కేసింది. తమ్ముడు నేల మీద మోకాళ్లేసుకుని, తనే దెబ్బలు తింటున్నట్టు మెలికలు తిరిగిపోతున్నాడు.

"పట్టు! మెడ పట్టు! అబ్బ, ఇవాళ రిమోటు చేతిలో దూదిపింజలా తేలిపోతోందిరా! మంచి ఊపు మీదున్నా!"

"ఆగవే... అరె, నేనింకా నొక్కనే లేదు, నావాడు దూకేశాడు!"

"మరి రెండో భాగమంటే ఏమనుకున్నావు? మనసులో అనుకుంటే చాలు, వాడే పసిగట్టేస్తాడు. ఊరికే రెండేళ్లు పట్టిందా!"

నీలంవాడు ఎర్రవాణ్ని ఎత్తి కుదేశాడు. తమ్ముడు ఈల వేశాడు. ఎర్రవాడు లేచి, గాల్లో మూడు పల్టీలు కొట్టి, నీలంవాడి గుండెల మీద కూర్చున్నాడు. గంట గణగణ మోగింది. ఎరుపు గెలిచింది.

"అయిపోయావ్! అయిపోయావ్!" అక్క సోఫా మీద గెంతుతుంటే కింద చెక్క కిర్రుమంది. ఆ గెంతుల్లోనే గ్రూపులో పెట్టేసింది: 'లైన్‌మన్ ఔట్. నేను నొక్కిన ఒక్క మీటా వృథా పోలేదు.'

తమ్ముడు రిమోటు కింద పెట్టి, నీరసంగా భుజాన తువ్వాలు వేసుకున్నాడు. "ఒప్పుకుంటున్నానే అక్కా. ఆ పల్టీ నీ చేతిలోంచి వచ్చిందంటే నువ్వు మనిషివి కావు."

"ఆ పల్టీ కోసమేరా, మొదటి భాగంలో ఏడాది సాధన చేశాను. పోయిరా నాయనా. బీరువా కాలి మీద పడితే కట్టు నేనే కడతాలే."

వాడు చెప్పులేసుకుంటుంటే అమ్మ గుమ్మం దాకా వచ్చి చేతిలో టార్చి పెట్టింది. "బాబాయి కొత్తింట్లో ఇంకా కరెంటు లేదట. ఉంచుకో."

"వెలగని టార్చి నాకెందుకమ్మా?"

అమ్మ మీట నొక్కింది. ఫెళ్లున వెలుగు వాడి మొహం మీద పడింది.

"ఎందుకు వెలగదు? పొద్దున్నే మీ ఆట రిమోట్లు రెండూ విప్పి, ఉన్న నాలుగు బ్యాటరీలూ దీన్లో వేశాను."