శనివారం బేరం

తూరున్ తలుపు తీసేలోపే ఐవిన్ ఆమె టపా పెట్టెలో చేయి పెట్టి, దుకాణం ధరలున్న రంగుల కరపత్రం ఒకటి లాగి కోటు లోపల కుక్కేసుకున్నాడు.

అరవై ఎనిమిదేళ్ళ వయసులో దొంగతనం! కానీ ఏం చేస్తాడు? క్రిస్మస్ ముందు నార్వే దుకాణాలవాళ్ళు ఏటా పోటీపడి పంది పక్కటెముకల ధర దించేస్తారు. ఈసారి మరీ తెగించి, ఎప్పుడూ మాంసం చవగ్గా దొరికే పక్కదేశం స్వీడన్‌లోకంటే చవక చేసి కూర్చున్నారు. ఆ సంగతి తూరున్‌కి తెలిస్తే ఇక సరిహద్దు దాటే పనేముంది?

వీధి చివర ఒంటరిగా ఉండే ఆ రిటైర్డ్ నర్సును అతను పద్నాలుగు నెలలుగా, నెలకో శనివారం, తన కారులో స్వీడన్‌కి తీసుకెళ్తున్నాడు. ఇద్దరూ చెరో సంచీడు మాంసం కొనుక్కుని వస్తారు. భార్య పోయాక అతను ఎదురుచూసేదంటూ ఉంటే ఆ శనివారం కోసమే.

"ఏంటండీ, పెట్టె దగ్గర నిలబడ్డారు?" అంది తూరున్ మెట్లు దిగుతూ.

"మూత వదులైందండీ. బిగిస్తున్నా."

"మంచివారే. పదండి, ఆలస్యమైతే అక్కడ పెద్ద వరస ఉంటుంది."

ఆమె ధ్యాస ఇక్కడి ధరల మీదికి పోకూడదని, కారు కదలగానే ఐవిన్ పన్నుల మీద విరుచుకుపడ్డాడు.

"పెన్షన్ మీద పన్ను, పెట్రోలు మీద పన్ను, సబ్బు కొంటే పన్ను! మనిషి బతికేదెట్లా?"

"అంటే అన్నానంటారు గానీ, సర్కారువాళ్ళు నాకు తుంటి ఎముక మార్చి ఒక్క క్రోన అడగలేదండీ."

"తుంటి ఊరికే ఇచ్చారు, పక్కటెముకల దగ్గర రాబట్టుకుంటున్నారు!"

తూరున్ కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వింది. ఆ నవ్వు వినడానికి ఇంకో రెండు పన్నులు వేసినా కట్టేద్దామనిపించింది ఐవిన్‌కి.

సరిహద్దు వంతెన దాటారు, సంచులు నింపారు, ఎప్పటిలాగే పక్క హోటల్లో భోజనానికి కూర్చున్నారు. అతను మాంసం ఉండలు చెప్పాడు. ఆమె జామ్ వేసిన అట్లు చెప్పింది.

"ఎప్పుడూ అట్లేనా? రెండు ఉండలు రుచి చూడండి."

"ఇంటి నిండా మాంసమేగా" అంది తూరున్.

తిరిగొచ్చేసరికి ఆమె ఇంటిముందు మంచు గడ్డకట్టి జారుతోంది. ఎప్పుడూ గేటు దగ్గరే సంచి దించే ఐవిన్, ఈసారి వంటింటి దాకా మోశాడు. సంచి కింద పెడుతూ వంగాడో లేదో, కోటులోంచి కరపత్రం జారి తూరున్ కాళ్ళ దగ్గర పడింది.

ఆమె తీసి చూసింది. పైన ఆమె చిరునామానే ఉంది.

ఐవిన్ ముఖం కందిపోయింది. "తప్పేనండీ. ఇది చూస్తే మీరిక రారేమోనని... నాకు మాంసంతో పనేముందండీ, మీతో వెళ్ళడం కావాలి గానీ."

తూరున్ మూలనున్న పెద్ద ఫ్రీజర్ మూత ఎత్తింది. అంచుల దాకా మాంసం పొట్లాలే. ఒక్కటీ విప్పలేదు.

"అయ్యో, ఇదంతా ఎప్పుడు తింటారండీ?"

"నేను మాంసం మానేసి తొమ్మిదేళ్ళయింది, ఐవిన్."